క్షురధార: సానయుఁ బదునుపరీక్షయు

మన ప్రాచీనవాఙ్మయమున క్షురధార యుపమానముగాఁ గొనఁబడిన తావులు పెక్కులు గలవు. కఠోపనిషత్తు తత్త్వమార్గమును దాఁటరాని కత్తివాదరతోఁ బోల్చినది. ఆ యుపమ నెల్లరు నెఱుఁగుదురు. ఆ వాదరకు వాఁడి తెచ్చిన చేతిని దలఁచినవారు మాత్ర మరుదు. క్షురము నెట్లు నూఱిరి, నూఱినది పదునెక్కినదని యెట్లు నిర్ణయించిరి యను ప్రశ్నకుఁ బూర్వగ్రంథముల నుత్తరము లేకపోలేదు. అది యొక్కచోటఁ గాక వేఱ్వేఱు శాస్త్రముల మాటునఁ జెదరియున్నది. వానినిఁ గూర్చి చూచినచోఁ బదునును దూఁచుటకు వెండ్రుకయే త్రాసనియు, ఆ త్రాసొక్కటియే చాలదని కూడఁ బూర్వు లెఱిఁగిరనియు స్పష్టమగును.

ఋగ్వేదము నెనిమిదవ మండలమున, నాలుగవ సూక్తమందు, భురిజులయందు క్షురమును వాఁడిచేయునట్లు తమ్మును వాఁడిగాఁ జేయుమని ఋషి దేవతను వేఁడికొనెను. భురిజు లనఁగా బాహువులని కొందఱును, నూఱెడి సాధనముయొక్క రెండు బద్దలని కొందఱును నర్థము చెప్పిరి. ఏ యర్థమును గొన్నను, క్షురమును నూఱుట ప్రార్థనలోనికి నెక్కునంత పరిచితమైన పనియై యుండెననుట సిద్ధము. ఆశ్వలాయన గృహ్యసూత్రమునఁ జౌలకర్మమును విధించినచోఁ గత్తివాదరను దుడుచుటయు, గోరువెచ్చని నీటితోఁ బని నడపి శిశువునకు గాయము కాకుండఁ గేశముల సవరింపుమని మంగలికి నానతి యిచ్చుటయుఁ గలవు. శిశువు తల మెత్తనిది. మొద్దుకత్తి వెండ్రుకను గోయక లాగును. లాగినచోఁ జర్మము చిట్లును. కావునఁ బదును వస్తుగుణము మాత్రమే కాదు. పరదేహముపైఁ గత్తి పెట్టువాని బాధ్యత కూడ.

సానసామగ్రి పేరులు వరుసగాఁ గానవచ్చునది బౌద్ధుల వినయపిటకమున. చుల్లవగ్గమునందు భిక్షువులకు క్షురము, క్షురశిల, క్షురమునుంచు తొడుగు, నమతక మనెడి యొత్తిన యున్నిగుడ్డ, తక్కిన క్షౌరభాండము ననుమతింపఁబడినవి. మంగలి యడపమును విప్పినచోఁ గనఁబడు వస్తువులే యివి. ఈ వినయమును బ్రథమసంగీతియందు వల్లించినవాఁడుగాఁ బ్రసిద్ధికెక్కిన ఉపాలి శాక్యుల మంగలి. అయినను మహావగ్గము పూర్వము మంగలియై యుండి భిక్షువైనవాఁడు క్షౌరభాండమును దనయొద్ద నుంచుకొనరాదని నిషేధించినది. సంఘమునకుఁ గత్తియు సానయుఁ గావలసినవి. వానిని బాగుగ నెఱిఁగినవాఁడు మాత్రము వానిని దనవిగా నుంచుకొనరాదు.

నూఱు విధమును, బరీక్షావిధమును శాస్త్రముగాఁ జెప్పినది సుశ్రుతసంహిత. సూత్రస్థానము నెనిమిదవ యధ్యాయము శస్త్రములకే వినియోగింపఁబడినది. వాగ్భటుఁడు తన అష్టాంగహృదయమున వృద్ధిపత్ర మనెడి శస్త్రము క్షురాకారమని చెప్పియున్నాఁడు. అనఁగా వైద్యుని చేతికత్తియు మంగలి చేతికత్తియు నాకృతియం దొక్కటే. కావున సుశ్రుతుఁడు శస్త్రధారనుగూర్చి చెప్పిన మాటలు క్షురధారకును జెల్లును.

ఆ యధ్యాయమున వాదర మందము నాలుగు తరగతులుగా విభజింపఁబడినది. భేదనశస్త్రముల వాదర మసూరపప్పు మందము. గీఁకుడుశస్త్రముల వాదర యందు సగము. రక్తము వెడలించుటకును, గ్రుచ్చుటకును నైనవాని వాదర వెండ్రుక మందము. కోఁతశస్త్రముల వాదర వెండ్రుకలో సగము. శస్త్రమునకుఁ బెట్టు పదనులు మూఁడు: క్షారము, నీరు, నూనె. శల్యముల నెముకలఁ గోయువానికి క్షారపుఁ బదనును, మాంసమును గోయువానికి నీటిపదనును, సిరల గ్రుచ్చి స్నాయువులఁ గోయువానికి నూనెపదనును విధింపఁబడినవి. నూఱుటకు మినుమువన్నెగల నున్నని రాయి. వాదర నిలుపుటకు బూరుగుపలక. వంకర, మొద్దుతనము, విఱుగుట, గఱుకువాదర మున్నగునవి యెనిమిది దోషములు. వానిలో గఱుకువాదర ఱంపమునకు మాత్రము దోషము కాదు. అది యెముకఁ గోయవలసినది గదా. తుదకుఁ బరీక్ష: చక్కఁగా నూఱఁబడి, రోమమును దెగఁగోయఁగలిగి, యాకృతి చెడక, తగిన కొలఁదిగాఁ బట్టువడిన శస్త్రమునే పనియందు వినియోగింపవలెను.

ఈ విధులలోని యుక్తిని మంగలికత్తి నూఱువాని చేఁతలఁ బోల్చి చూడవలెను. నూఱునపుడు కత్తి వెన్నును, వాదరయు నొక్కసారి రాతిమీఁద నానియుండును. వెన్ను మందమే వాదర కోణమును నిర్ణయించును. నూఱువాఁడు కోణమును వేఱుగాఁ గొలువఁబనిలేదు. రాతిమీఁద వాదర ముందు నడచును. తోలుపట్టెమీఁద వెన్ను ముందు నడచును. ఈ క్రమము తప్పి తోలుమీఁద వాదరను ముందు నడపినచోఁ దోలు తెగుటయేకాక వాదరయు మొక్కపోవును. ప్రక్క మార్చునపుడు కత్తిని వెన్నుమీఁదనే త్రిప్పవలెను. ముతకరాయి యాకృతిని దిద్దును. నున్నరాయి ముతకరాయి గీఁతలను మాన్పును. తోలు తుదిగా వాదరను సవరించును. నున్నని రాయిని, మెత్తని పలకను వేఱువేఱుగాఁ బేర్కొన్న సంహితయందును నూఱుట వేఱు, వాదర నిలుపుట వేఱను వివేకము కానవచ్చుచున్నది. ఆ బూరుగుపలక శస్త్రమును భద్రపఱచుటకే యని చెప్పువారును గలరు. అట్లైనను, నూఱుటతోఁ బని ముగియదనియు, వాదరను గాపాడుట వేఱొక పనియనియుఁ దేలుచునే యున్నది.

పరీక్షలును మెట్లుమెట్లుగా నుండును. వెలుతురునఁ బట్టి చూచినపుడు వాదరవెంట మెఱపు గీఁత కానవచ్చెనేని యది మొద్దు. వాఁడియైన వాదర వెలుఁగును దిరిగి చిమ్మదు. గోటిమీఁద మెల్లఁగా నడపినచో నొక్కులు తెలియును. బొటనవ్రేలి కండను వాదరకడ్డముగా నానించినచో నది చర్మమును బట్టుకొను తీరు తెలియును. వాదరవెంట వ్రేలి నెన్నఁడును నడపరాదు. తుది పరీక్ష వెండ్రుక. ఒక కొనఁ బట్టి వ్రేలాడవిడిచిన వెండ్రుక కత్తి తాఁకినంతనే తెగవలెను. వెండ్రుకకు రెండవవైపున నానుడు లేదు. మొద్దువాదర తాఁకినచో వంగి తప్పించుకొనును, వాఁడివాదర తాఁకినచో వంగుటకు మునుపే తెగును. ఇదియే యీ పరీక్షయొక్క బలము.

అయిన నిందొక మోసము గలదు. అతిగా నూఱినచో వాదరకొనను లోహము రేకువలెఁ బలుచనై నిలుచును. ఆ రేకు వెండ్రుకను సులభముగాఁ గోయును. గడ్డమునకుఁ దాఁకినంతనే వంగును, లేదా విఱిగి చర్మమును గీఱును. వెండ్రుకపరీక్షకు నిలిచిన కత్తి మనుష్యుని ముఖముకడ నోడు నన్నమాట. రోమచ్ఛేదన మొక్కటే చాలదు, ఆకృతి చెడక యుండవలెనని సుశ్రుతుఁడు రెంటిని జోడించి చెప్పుట యిందుచేతనే సార్థకము. ఈ విషయమున నవీనశాస్త్రము మఱియొక మెట్టు ముందునకుఁ బోయినది. వెండ్రుక యుక్కుకంటె సుమారు 50 రెట్లు మెత్తనిదయ్యు వాదరనెట్లు చెఱచుచున్నదని 2020లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు సూక్ష్మదర్శినితోఁ బరీక్షించిరి. వెండ్రుక యేటవాలుగా వంగి తాఁకినపుడు, ఉక్కు నిర్మాణము సమముగా లేనిచోట్ల వాదర పెచ్చులూడుచున్నదని వారు కనుఁగొనిరి. పదునును బరీక్షించు వెండ్రుకయే పదునును హరించుచున్నది. నూఱుట యొకనాఁటితోఁ దీరు పని కాకుండుటకుఁ గారణ మిదియే.

ఉక్కు సమత మాట వచ్చినది కావునఁ దెలుఁగునాఁటి యుక్కును దలఁపక తప్పదు. నేఁటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలోఁ గరఁగించి యుక్కును జేయుచుండిరి. పారసీకవర్తకు లచ్చటికి వచ్చి కొనిపోవుచుండిరి. అచ్చటి పద్ధతినిగూర్చి హెన్రీ వాయిసీ వ్రాసిన వివరణము 1832లోఁ బ్రకటింపఁబడినది. దక్షిణదేశపు టుక్కు ఐరోపాయందు ఊట్జ్ అను పేరఁ జెల్లినది. ఆ పేరు తెలుఁగుకన్నడముల యుక్కు శబ్దమునుండి పుట్టినదని పండితులు తలఁచిరి. జార్జి పియర్సను 1795లో లండను రాయల్ సొసైటీయెదుట నీ యుక్కునుగూర్చి వ్యాసము చదివెను. లండను కత్తులపనివాఁడు జేమ్సు స్టోడర్టు దీనితో వైద్యశస్త్రములను, క్షురములను జేసి, ఐరోపాయందలి మేలైన యుక్కుకంటె నిదియే తనకుఁ బ్రియమని తన యంగడిచీటియందు అచ్చు వేయించుకొనెను. ఆతఁడును మైకేల్ ఫారడేయుఁ గలసి ఈ యుక్కు ననుకరింపఁ బూని 1820, 1822 సంవత్సరములలోఁ దమ పరిశోధనములఁ బ్రకటించిరి. లోహశాస్త్రచరిత్రమున నొక యధ్యాయము క్షురధారకొఱకైన యన్వేషణముతోఁ బెనవైచికొన్నది.

ఇఁక దెలుఁగుపలుకులు. పదను, పదును అను మాట నేలతడికిని, ఇనుమును గాల్చి నీట ముంచుటకును, కత్తివాఁడికిని నొక్కటియే. దున్నువాఁడు, కమ్మరి, మంగలి మువ్వురును దమ పనికిఁ దగిన స్థితిని నొక్కపేరనే పిలిచిరి. మొక్కవోవుట యనఁగా వాదర మడఁగి మొద్దగుట. మొక్కవోని ధైర్యమని వ్రాయు నేఁటివారు సానకడఁ బుట్టిన పలుకును దెలియకయే వాడుచున్నారు. పనివాఁడు మఱువఁబడినను వాని పలుకు మిగులుట కిది నిదర్శనము.

తెలుఁగునాఁట మంగలి క్షౌరముతోఁ బాటు పుండ్లు కోయుట మున్నగు శస్త్రవైద్యమును జేయుచుండెను. ఆ యింటి స్త్రీలు మంత్రసానులై పురుళ్లు పోయుచుండిరి. వైద్యసంహితలోని జ్ఞానమును, మంగలిచేతిలోని జ్ఞానమును నొక్కదేహమునకే యుపకరించినవి. ఒకదానికి గ్రంథమును, గౌరవమును దక్కెను. రెండవది నోటిమాటగాఁ గొడుకునకుఁ దండ్రినుండి సంక్రమించెను. రాజులు మాత్ర మొకప్పుడు గుర్తించిరి. 16వ శతాబ్ది నడుమ, సదాశివరాయలు సింహాసనమునను, అళియ రామరాయలు కార్యభారమునను నున్న కాలమున, మంగళ్లకుఁ బన్నులు మాన్పిన శాసనములు గలవు. కర్ణాటదేశపు బాదామియందు కొండోజు అను మంగలి పేరు శిలపై నిలిచెను. ఱాతిమీఁదఁ బేరు నిలిచినది గాని, ఱాతిమీఁదఁ గత్తి నాతఁ డెట్లు నూఱెనో యే ఱాయియుఁ జెప్పదు.

1904లో అమెరికాయందు కింగ్ జిల్లెట్ మార్చివేయఁదగిన పలుచని బ్లేడునకుఁ బేటెంటు పొందెను. తరువాత రక్తమువలన సంక్రమించు వ్యాధుల భయమును దోడై, ఒక్కొక్కరికి నొక్కొక్క క్రొత్త బ్లేడు వాడుట క్షౌరశాలల నాచారమైనది. ఇది ప్రాణరక్షణకరమే, ఇందు విచారింపఁదగిన దేమియు లేదు. కాని యడపమునుండి సానరాయి తొలఁగినప్పుడు దానితోడి మాటలును దొలఁగును: రాతి తరగతుల పేరులు, తోలు సవరించు తీరుల పేరులు, వాదర గుణదోషముల పేరులు. సుశ్రుతుఁ డెనిమిది దోషములను వ్రాసియుంచెను. మంగలి యెన్నింటి నెఱిఁగెనో యెవ్వరును లెక్క వ్రాయలేదు. సానపట్టిన వృద్ధులు జీవించియున్న యూళ్లకుఁ బోయి, వారి యడపములను విప్పించి, యొక్కొక్క వస్తువునకు వారు చెప్పు పేరును వ్రాసికొనుట నిఘంటుకారులకును, జరిత్రకారులకును బ్రథమకర్తవ్యము. మొక్కపోయిన కత్తిని మరల నూఱవచ్చును. మఱపునఁబడిన మాటకు సాన లేదు.