లక్షా యాభై రెండు వేల అర్జీలు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు కొంత వెనుకాడాను. రాజులను గూర్చి, కోటలను గూర్చి వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. జీవితమంతా ఫైళ్ళతో గడిపిన నేనేం వ్రాయగలను అనుకున్నాను. అంతలో మొన్న జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ట్రెజరీ ఆవరణలోని వేపచెట్టు కింద జరిగిన ముచ్చట గుర్తుకు వచ్చింది. కరువు భత్యం బకాయిలతో మొదలైన మాట కొత్త జిల్లాల మీదుగా ఢిల్లీ దాకా వెళ్ళింది. చివరికి ఒక మిత్రుడు విసుగుతో, "మనం ఎంత వాదించుకుంటే ఏం లాభమండీ, ఏదైనా మనల్ని అడిగి చేస్తారా?" అన్నారు.

"ఒకసారి అడిగారండీ" అన్నాను నేను. ఆ ఒకసారి జరిగినదేమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కమిషన్ ఎందుకు వచ్చింది?

1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబరు 15న అసువులు బాసిన సంగతి మనందరికీ తెలిసినదే. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఒకరికి ఇచ్చిన తరువాత మిగిలినవారు ఊరుకోరు కదా! కన్నడిగులు, మలయాళీలు, మరాఠీలు, గుజరాతీలు అందరూ తమ సంగతేమిటని అడిగారు. అప్పుడు కేంద్ర ప్రభుత్వం 1953 డిసెంబరు 29న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని నియమించింది. సయ్యద్ ఫజల్ అలీగారు అధ్యక్షులు. హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ గార్లు సభ్యులు.

1954 ఫిబ్రవరి 23న ఆ సంఘం ఒక పత్రికా ప్రకటన ఇచ్చింది. దేశంలో రాష్ట్రాల హద్దులు ఎలా ఉండాలో అభిప్రాయం చెప్పదలచినవారు వ్రాతపూర్వకంగా పంపవచ్చునని దాని సారాంశం. పార్టీలు, సంస్థలే కాదు, సామాన్య ప్రజలు కూడా పంపవచ్చును. ఏ రాష్ట్రంలో బ్రతకాలనుకుంటున్నావని ప్రభుత్వమే పౌరుని అడగడం చిన్న విషయం కాదు.

మా అరుగు మీది చర్చ

మాది అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని మధిర తాలూకా. పొలిమేర దాటితే ఆంధ్ర రాష్ట్రం, కృష్ణా జిల్లా. అప్పుడు నాకు ఏడేళ్ళు. చూచినది కొంత, తరువాత పెద్దలు చెప్పగా విన్నది కొంత కలిసి నా జ్ఞాపకంగా నిలిచింది.

పత్రికలో వార్త రాగానే సాయంత్రంపూట మా ఇంటి అరుగు కచేరీ అయింది. మా నాన్నగారు విశాలాంధ్ర పక్షం. తెలుగువాళ్ళంతా ఒక్క రాష్ట్రంలో ఉండాలనీ, కృష్ణా గోదావరుల మీద ప్రాజెక్టులు కట్టాలంటే రెండు ప్రభుత్వాలు కొట్టుకోకూడదనీ ఆయన వాదన. మా బాబాయి వరంగల్లులో చదువుకున్నవాడు. ఆయన ఒప్పుకోలేదు.

"అన్నయ్యా, మనం ఉర్దూలో చదువుకున్నాం. వాళ్ళు ఇంగ్లీషులో చదువుకున్నారు. రేపు ఒక్క నౌకరీ కోసం ఇద్దరం ఒక్క గుమ్మం ముందు నిలబడితే లోపలికి ఎవర్ని పిలుస్తారు?" అన్నాడట. నాన్నగారు దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయారని మా అమ్మ చెప్పేది. ఆమె పుట్టిల్లు నందిగామ వైపు. "కరోడ్‌గిరీ నాకా దగ్గర మూటలు విప్పి చూపించిన రోజులు మళ్ళీ రాకుంటే చాలు" అనేది ఆమె మాట. మా పాలికాపు మాత్రం, "దొరా, రాష్ట్రం ఏదైతేనేం, తహసీలు కచేరీ దగ్గరుంటదా?" అని అడిగాడట.

తుదకు మా ఊరినుంచి రెండు అర్జీలు వెళ్ళాయి. నాన్నగారు వ్రాసినది ఒకటి, బాబాయి వ్రాసినది ఒకటి. రెండింటి మీదా సంతకాలకన్నా వేలిముద్రలే ఎక్కువ. కొందరు రెండింటి మీదా వేశారని తరువాత తెలిసి ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రాత్రి ఇద్దరూ ఒక్క పంక్తిలోనే భోజనం చేశారు.

ఢిల్లీలో ఏమయింది?

అలా దేశం నలుమూలలనుంచి కమిషనుకు చేరిన పత్రాల సంఖ్య 1,52,250. ఇది వారి నివేదికలో ఉన్న లెక్క. అందులో అధికభాగం టెలిగ్రాములు, అచ్చు వేసిన తీర్మానాలు, తమ ప్రాంతం ఎక్కడ ఉండాలో చెప్పే సాధారణ విన్నపాలు. బాగా ఆలోచించి వ్రాసిన వినతిపత్రాలు రెండు వేలకు మించవని కూడా కమిషనే చెప్పింది. మా ఊరి అర్జీలు ఆ రెండు వేలలో ఉండి ఉంటాయని నేను అనుకోను.

అయినా కమిషన్ కాగితాలతో సరిపెట్టలేదు. 1954 మార్చి మొదలు 1955 జూలై వరకు సుమారు పదిహేడు నెలలు దేశమంతా తిరిగింది. 38,000 మైళ్ళ ప్రయాణం. 104 చోట్ల విడిది. తొమ్మిది వేలమందికి పైగా ప్రజలతో ముఖాముఖి. విమానాలు, కార్లు ఇప్పటివలె లేని రోజులలో ఇది సామాన్యమైన శ్రమ కాదు. బీహారుతో తనకు దీర్ఘకాల సంబంధం ఉన్నందువల్ల, ఆ రాష్ట్రానికీ పశ్చిమ బెంగాలు, ఒరిస్సాలకూ మధ్య ఉన్న హద్దుల తగాదాల పరిశీలనలో ఫజల్ అలీగారు పాల్గొనలేదు. ఉద్యోగ ధర్మం తెలిసినవారికి ఇందులోని విలువ వేరే చెప్పనక్కరలేదు.

1955 సెప్టెంబరు 30న నివేదిక సమర్పించారు. అందులో తెలంగాణ ప్రకరణం చదివితే మా అరుగు మీది మాటలే దొరబాబుల ఇంగ్లీషులో వినిపిస్తాయి. నాన్నగారి పక్షమంతా ఉంది. నదులమీద ఏకీకృత అదుపు, ఆంధ్రకు మిగులు ధాన్యం, తెలంగాణకు ధాన్యం కొరత, సింగరేణి బొగ్గు, రాజధాని సమస్యకు హైదరాబాదు నగరం పరిష్కారం కావడం, అన్నీ చెప్పారు. బాబాయి పక్షం కూడా అంతే వివరంగా ఉంది. తెలంగాణకు భూమిశిస్తు, ఎక్సైజు రాబడి మెరుగు. హైదరాబాదు నగరం వెలుపల జిల్లాలలో చదువు బాగా వెనుకబడి ఉన్నందున తక్కువ అర్హతలకే ఉద్యోగం ఇస్తున్నారు, విలీనమైతే ముందుకుపోయిన కోస్తావారి పోటీలో తాము మునిగిపోతామని భయం. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక వంటి హామీలు ఇక్కడ పనిచేయవని కూడా కమిషన్ స్పష్టంగా వ్రాసింది.

వారి సిఫారసు ఇది: తెలంగాణ ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉండాలి. 1961 ప్రాంతంలో జరుగబోయే ఎన్నికల తరువాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యంతో కోరితే ఆంధ్రతో కలపాలి. అంటే, ప్రజల భయం తీరేదాకా ఆగి, మళ్ళీ వారి ప్రతినిధులనే అడగండి అని.

మళ్ళీ అడగలేదు

ఆ రెండవసారి అడగడం జరగలేదు. 1955 నవంబరు 25న ఆంధ్ర శాసనసభ తెలంగాణకు రక్షణలు ఇస్తామని తీర్మానించింది. డిసెంబరులో హైదరాబాదు శాసనసభలో చర్చ జరిగింది. మాట్లాడినవారిలో 103 మంది విశాలాంధ్రను, 29 మంది ప్రత్యేక తెలంగాణను సమర్థించగా 15 మంది తటస్థంగా ఉన్నారు. ఓటింగు జరగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుపక్షాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. మా నాన్నగారి అర్జీ గెలిచింది. ఆ రోజు బాబాయి కూడా మిఠాయి తిన్నాడు. "ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే నాకూ సంతోషమే అన్నయ్యా" అన్నాడట.

ఆ తరువాతి కథను ఉద్యోగులమైన మనం పుస్తకాలలో చదువనక్కరలేదు. మన సర్వీసు రిజిస్టర్లలోనే ఉంది. మద్రాసు రూల్సు కిందివారిని, హైదరాబాదు రూల్సు కిందివారిని ఒక్క జాబితాలో కూర్చడంతో సీనియారిటీ తగాదాలు మొదలైనాయి. స్థానికులకు ఉద్యోగాలు కేటాయించే 1957 నాటి చట్టం 1959లో అమలులోకి వచ్చింది. 1969 మార్చిలో తెలంగాణకు సంబంధించిన ఆ నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసింది. అప్పటికే తెలంగాణ ఉద్యమం రగులుతున్నది. కాల్పులలో పసివాళ్ళ ప్రాణాలు పోయాయి. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అదే కోర్టు చెప్పినప్పుడు రెండవ వైపున జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాలు, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబరు 30న 610 జీవో. ఇవన్నీ ఆ గుమ్మం ముందు ఎవర్ని పిలుస్తారన్న బాబాయి ప్రశ్నకు ఆలస్యంగా వ్రాసిన జవాబులు. ఏదీ పూర్తి జవాబు కాలేదు.

2010లో శ్రీకృష్ణ కమిటీ వచ్చి మళ్ళీ అర్జీలు కోరినప్పుడు అరవై వేలకు పైగా చేరాయి. 2011లో తెలంగాణ ఉద్యోగులు సకల జనుల సమ్మె చేశారు. 2013లో సీమాంధ్ర ఉద్యోగులు సమైక్యాంధ్ర కోసం సమ్మె చేశారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. మన సంఘంలో రెండు పక్షాలవారూ ఉన్నారు. ఎవరిది తప్పో, ఎవరిది ఒప్పో తేల్చడానికి నేను పూనుకోలేదు. నా దృష్టి ఆ అర్జీలమీదనే.

నా వంతు తప్పు

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు నేను ఒక జిల్లా కార్యాలయంలో సెక్షను చూస్తున్నాను. ఏ ఊరు ఏ మండలంలో ఉండాలో అభ్యంతరాలు చెప్పుకోవచ్చునని ప్రకటన వెలువడింది. తపాలు సంచులతో వచ్చిపడింది. గడువు దగ్గరపడింది. మేము చేసినదేమిటంటే, ఊరివారీగా కట్టలు కట్టి, అనుకూలం ఇన్ని, ప్రతికూలం ఇన్ని అని ఒక పట్టిక తయారుచేసి పైకి పంపాము. తరువాత ఆ కట్టలను ఎల్.డిస్. చేశాము. అంటే కొంతకాలం ఉంచి చించివేయదగినవని అర్థం.

కొన్ని వారాల తరువాత ఒక ముసలి రైతు వచ్చాడు. తమ ఊరికి, నిర్ణయించిన మండల కేంద్రానికి మధ్య వాగు ఉన్నదనీ, వానకాలం నాలుగు నెలలు దాటలేమనీ అర్జీలో వ్రాశాడట. "అయ్యా, నా కాగితం ఎవరు చదివిండ్రు?" అని అడిగాడు. మా పట్టికలో ఆ ఊరు ఉంది. అర్జీల సంఖ్య ఉంది. వాగు లేదు. నేను, "పైకి పంపామయ్యా" అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. అరుగు మీద అర్జీ వ్రాస్తూ, వాక్యం వాక్యం చదివి వినిపించిన తండ్రికి కొడుకునైన నేను ఆ పని చేశానని అప్పటినుంచీ మనసులో ముల్లు ఉంది. ఫజల్ అలీ కమిషన్ విడి అర్జీని పట్టించుకుని ఉండకపోవచ్చును, కాని అందులోని భయాన్ని పట్టుకుని నివేదికకెక్కించింది. మేము అదికూడా చేయలేదు.

ఏం నేర్చుకోవాలి?

సామాన్యులకు ప్రభుత్వ విధానాలు అర్థం కావనే మాట మనం సర్వీసులో ఉండగా తరచు విన్నాం, కొన్నిసార్లు అన్నాం కూడా. 1954 నాటి చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. నీళ్ళు, కొలువులు, రాబడి, కచేరీ దూరం అనే నాలుగు ప్రశ్నలు ఊరి అరుగులమీదే పుట్టాయి. పెద్దలు తరువాత అరవై ఏళ్ళు వాటిచుట్టూనే తిరిగారు. లోపం అడగడంలో లేదు, చెప్పడంలోనూ లేదు. విన్నది ఏమయిందో తిరిగి చెప్పకపోవడంలో ఉంది. హామీ ఇచ్చినవారు ఏటేటా ప్రజల ముందుకు వచ్చి లెక్క అప్పజెప్పి ఉంటే కథ ఎలా నడిచేదో!

ఈ అవసరం తీరిపోలేదు. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను విడదీసినప్పుడు కూడా ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు కోరారు. ఇకముందూ కోరుతారు. మిత్రులారా, మనకు ముసాయిదా చదవడం వచ్చు, ఏ పేరాకు ఏ అభ్యంతరమో పొందికగా వ్రాయడం వచ్చు. పది ఊళ్ళనుంచి ఒకే అచ్చు కాగితం పంపడం కన్నా, వాగు ఎక్కడుందో చెప్పే ఒక్క కాగితం మేలని మనకు తెలుసు. మన పేటలో, మన ఊరిలో అడిగినవారికి ఆ ఒక్క కాగితం వ్రాసిపెడదాం. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమలులో ఉంది కనుక, ఆ కాగితం ఏమయిందో అడిగే దరఖాస్తు కూడా మనమే వ్రాసిపెడదాం.

నేను రిటైరైన తరువాత ఇప్పటికి ఇరవై మూడు అర్జీలు అలా వ్రాసి ఇచ్చాను. తొమ్మిదింటికి జవాబు వచ్చింది. ఆ ముసలి రైతు ఊరి వాగుమీద తరువాత వంతెన పడింది. అందులో నా ప్రమేయం ఏమీ లేదు. అయినా ఆ దారిన బస్సులో వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి చూస్తాను.