రక్త విరేచనాలు, పిల్లల్లో: అత్యవసర విభాగంలో సత్వర పరీక్షలు

మలంలో రక్తం కంటికి కనిపిస్తూ విరేచనాలవుతున్న పిల్లలకు ఏ సూక్ష్మజీవి సోకిందో, ఆసుపత్రికి వచ్చిన గంట, గంటన్నరలో తేల్చే పరీక్షలు. ఒంట్లో నీరు ఎంత తగ్గిందో చూడటం, రెండేళ్లలోపు బిడ్డయితే పేగులోకి పేగు చొచ్చుకుపోలేదని నిర్ధారించుకోవడం వీటికన్నా ముందు జరగాలి.

కారకాల్లో షిగెల్లాది పెద్ద వాటా.    దాన్ని పట్టే కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, పైగా చాలా కేసులు తప్పిపోతాయి. కోల్‌కతాతో సహా ఏడు దేశాల్లోని కేంద్రాల్లో సేకరించిన నమూనాలను పీసీఆర్‌తో తిరిగి పరీక్షించినప్పుడు (2016) షిగెల్లా వాటా కల్చర్ చూపినదానికన్నా బాగా ఎక్కువని తేలింది.

మన దగ్గర రక్తం పడితే అమీబా అనుకుని మెట్రోనిడజోల్ రాసే అలవాటు బలంగా ఉంది. పిల్లల్లో ఇది చాలావరకు పొరపాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాల ప్రకారం ముందు షిగెల్లాకే మందు: సిప్రోఫ్లాక్సాసిన్, కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. అమీబా అనాలంటే సూక్ష్మదర్శినిలో ఎర్ర రక్తకణాలను మింగిన అమీబా కనిపించాలి. ఉత్త అమీబా కనిపిస్తే చాలదు; హాని చేయని డిస్పార్ రకం అచ్చం అలాగే ఉంటుంది.

ఈ సూక్ష్మదర్శిని పరీక్షకు మలం తాజాగా ఉండాలి. గాజు పలక మీద సెలైన్ చుక్కలో కలిపి అరగంటలోపే చూడాలి. చల్లారితే అమీబా కదలిక ఆగిపోతుంది, ఇక గుర్తుపట్టడం కష్టం. అందుకే నమూనాను దూరంలోని ల్యాబుకు పంపితే లాభం లేదు. ఉదాహరణకు, ప్రభుత్వ ఆసుపత్రుల నమూనాలు పరీక్షించే తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం కరీంనగర్‌లో 2021లో మొదలైంది. హుజూరాబాద్ నుంచి అది ఇంచుమించు 40 కిలోమీటర్లు. రక్త పరీక్షలకు ఆ దూరం అడ్డు కాదు. అమీబా పరీక్ష మాత్రం బిడ్డ ఉన్న ఆసుపత్రి ల్యాబులోనే జరగాలి.

ఫిల్మ్‌అరే పీసీఆర్ ప్యానెల్ (అమెరికా అనుమతి 2014) 22 కారకాలను గంటలో వెతుకుతుంది, కానీ ఖరీదెక్కువ. దొరికిన షిగెల్లా ఏ మందుకు లొంగుతుందో అది చెప్పదు. ఫ్లోరోక్వినోలోన్లకు లొంగని షిగెల్లాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో అధిక ప్రాధాన్య జాబితాలోకి మార్చింది కాబట్టి కల్చర్ అవసరం తీరిపోలేదు. మలద్వారం నుంచి తీసిన స్వాబ్‌ను, వీలైతే యాంటీబయాటిక్ తొలి మోతాదుకు ముందే, కేరీ-బ్లేర్ మాధ్యమంలో ఉంచి పంపాలి.