నలుపునకును తెలుపునకును నడుమ

గిలకలదిండి నేడు మత్స్యకారుల రేవు. బందరు పట్టణమును దాటి సముద్రపువైపు సాగిపోవువానికి ఉప్పుటేటి యొడ్డున బారులుదీరిన మరపడవలును, మంచుగడ్డలు దింపు బండ్లును, గట్టుమీద ఆరవేసిన వలలును కన్పట్టును. కాని యీ తీరమునుండియే మూడు నాలుగు వందల యేండ్ల క్రిందట గోలకొండ రాజ్యపు అద్దకపు వస్త్రములు పారశీకమునకును, జావా సుమత్రా ద్వీపములకును, ఐరోపా ఖండమునకును తరలిపోయినవని యెరిగినవాడు ఇచ్చటి మట్టిని, నీటిని, చెట్టుబెరడును వేరొక దృష్టితో చూచును. వన్నె యనునది ఎక్కడ పుట్టునో, ఎట్లు నిలుచునో, ఎప్పుడు వెలియునో ఈ తీరవాసులకు తెలిసినంతగా తెలిసినవారు లోకమున పెక్కుమంది లేరు. అట్టి తావున మనుష్యుని తలవెండ్రుకల వన్నెను గూర్చియు ఒక చరిత్ర యుండుట సహజమే.

ఇటీవలి కాలమున పట్టణములందలి క్షౌరశాలలలో నల్లరంగు నడుగువారితోపాటు ముదురు బూడిదవన్నెను కోరి వేయించుకొనువారును కనబడుచున్నారు. వారిలో ఇరువదియేండ్ల యువకులు కలరు, అరువది దాటిన పెద్దలును కలరు. యువకుడు నల్లని తలను బూడిదవన్నెకు దించుకొనుచుండగా, పెద్దవాడు తెల్లనైన తలను అదే వన్నెకు మరలించుకొనుచున్నాడు. దీనిని నవనాగరకపు వింతగా తలచి పెదవి విరుచువారున్నారు గాని, తల నెరయుటను గౌరవముగా ధరింపవలెనా, మరుగుపరుపవలెనా, కోరి తెచ్చుకొనవలెనా యను మూడు మార్గములను కృష్ణా ముఖద్వారపు జనులు వేర్వేరు కాలములందు కన్నులార చూచియే యున్నారు.

దివిసీమయందలి ఘంటసాల క్రీస్తుశకపు తొలి శతాబ్దములలో బౌద్ధులకు నెలవైన వర్తకపట్టణము. టాలెమీ తన భూగోళ గ్రంథమున పేర్కొనిన కంటకస్సిల ఇదియే యని చరిత్రకారుల మతము. అచ్చటి స్తూపమును 19వ శతాబ్ది చివర పురాతత్త్వవేత్త అలెగ్జాండర్ రీ పరిశీలించి వ్రాసెను. అచ్చటి శిల్పములు కొన్ని నేడు పారిస్ నగరపు గీమే ప్రదర్శనశాలలో నున్నవి. బౌద్ధలోకమంతటను చెప్పుకొను జాతకకథలలో మఖాదేవుడను రాజు కథ యొకటి కలదు. తన తలలో తెల్లవెండ్రుక కనబడిన నాడు తనకు చెప్పవలసినదని ఆ రాజు మంగలికి ఆజ్ఞయిచ్చియుండును. చిరకాలమునకు అది కనబడగా మంగలి బంగారు పట్టుకారుతో దానిని పెరికి రాజు చేతిలో నుంచును. రాజు ఆ మంగలికి ఒక గ్రామమును దానమిచ్చి, రాజ్యమును కుమారునికప్పగించి, తపోవనమునకు పోవును. కాళిదాసుని రఘువంశమునందు దశరథుని చెవిచెంత నెరసిన వెండ్రుక రామునకు రాజ్యమిమ్మని రహస్యముగా చెప్పినట్లుండుటయు ఈ భావసంప్రదాయమునకే చెందినది. ఈ కథలలో రాజు వైరాగ్యము కన్న మంగలికి గల చనవు నాకు మిక్కిలి ప్రియము గొల్పును. నీకు వార్ధకము వచ్చినదని ప్రభువు ముఖమున చెప్పగల యధికారము మంత్రి పురోహితులకు గాక అతనికి లభించెను. ఆ మాట చెప్పినందుకు శిక్షకు బదులు గ్రామము లభించెను. మన పల్లెలలో క్షురకుడు వైద్యమును, మంగళవాద్యమును గూడ నెరపి పదిమందికి ఆప్తుడైనవాడు. నుదుటి యంచున నెరపు తొంగిచూచిన సంగతి నేటికిని అతని కంటికే ముందుగా తెలియును.

నెరపును ధరించుటలో గౌరవమున్నను, దానిని మరుగుపరచుటకు గల యాస అంతకంటె తక్కువది కాదు. క్రీ.శ. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితయందు సుగంధద్రవ్యములను గూర్చిన ప్రకరణమును కేశరంజనముతోనే ఆరంభించెను; పూలమాలలు గాని, పరిమళములు గాని, వస్త్రభూషణములు గాని తెల్లని తలగలవానికి శోభింపవు గనుక మొదట తల సంగతి చూచుకొనవలెనని ఆయన తాత్పర్యము. ఆయన చెప్పిన విధానము మిక్కిలి స్పష్టమైనది. ఇనుపపాత్రలో పులిసిన ద్రవమునందు అరికెల బియ్యమును ఇనుపపొడితో గూడ వండి, మెత్తగా నూరి, పులుపుతో తడిపిన తలకు పట్టించి, పచ్చియాకులతో కప్పి కట్టవలెను. రెండు యామములు గడచిన పిదప దానిని తీసివేసి, ఉసిరికముద్దను పట్టించి, మరల ఆకులు చుట్టి, ఇంకను రెండు యామములుంచి కడిగివేయవలెను. యామమనగా మూడు గంటలు గాన ఇది పండ్రెండు గంటల పని. ఆ తరువాత ఇనుము వాసనయు పులుపు వాసనయు పోవునట్లు సుగంధతైలములతో తలస్నానము చేయవలెనని గూడ చెప్పినాడు. ఇందలి మర్మము నేడు రసాయనశాస్త్రము చదివిన విద్యార్థికి సులభముగా తెలియును: పులుపు ఇనుమును కరిగించును, ఉసిరికయందలి వగరు ఆ కరిగిన యినుముతో కలిసి నల్లని ద్రవ్యమై వెండ్రుకను పట్టుకొనును.

ఈ విధానమును బందరు చెంతనున్న పెడనలో ఏ యద్దకపు పనివానికి చదివి వినిపించినను, ఇది మా నల్లరంగే కదా యని అతడనును. అతడు చేయునది ఇదియే, వరుస మాత్రము తారుమారు. మొదట బట్టను చలువచేసి, కరక్కాయ నీటిలో పాలు కలిపి అందులో ముంచి ఆరవేయును. కరక్కాయ వగరు నూలుపోగునకు పట్టును. పాలలోని జిడ్డు అచ్చువేసిన రంగు పరచుకొనకుండ ఆపును. వేరొకచోట త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో వేసి కొన్నివారములు పులియనిచ్చి, ఆ నీటిని వడగట్టి జిగురుతో చిక్కపరచి, కొయ్య అచ్చుతో బట్టమీద అద్దును. ఈ యినుపనీటిని కలంకారీవారు కసిమి యందురు. అచ్చు తాకిన క్షణమున పసుపుపచ్చని బట్టమీద నలుపు మేల్కొనును. ఎరుపునకు పటికయు, చిరివేరును, నీలమునకు నీలిమందును వలయును గాని, గీతకును, అంచునకును, కంటి రేఖకును ఈ కసిమియే ప్రాణము. 1618 మొదలు 1622 వరకు బందరున నివసించిన విలియం మెథ్‌వోల్డ్ అను ఇంగ్లీషు వర్తకుడు, ఈ దేశపు చిత్రవస్త్రములను ఎన్నిసార్లు ఉతికినను బట్ట యున్నంతకాలము వన్నె పోదని మెచ్చుకొని వ్రాసెను.

కసిమి పలుచనైనను, కరక్కాయ తగ్గినను నలుపు రాదు, బూడిదవన్నె వచ్చును. ప్రవీణుడైన పనివాడు దానిని చెడిన నలుపుగా త్రోసివేయడు. నీడ చూపవలసినచోట, పక్షి రెక్క క్రింద, ఆకు వెనుక, ఆ ధూసరవర్ణమునే కోరి తెచ్చును. ఎంత నీరు కలుపవలెనో, ఎంత సేపు ఉంచవలెనో చేతికి తెలిసినవానికే అది లభించును గాన, నలుపు కన్న బూడిదవన్నెయే నేర్పునకు గీటురాయి యని నేను విశ్వసింతును. గిలకలదిండివంటి రేవులందును ఈ వగరు మహిమ తెలియనిది కాదు. నైలాను వలలు రాకముందు నూలువలలు ఉప్పునీట కుళ్లిపోకుండుటకు వగరుచెక్కల కషాయమును కాచి పట్టించుచుండిరి.

నెరపును మరుగుపరచుటకు పారశీకులు పాటించిన పద్ధతి వేరు. కుతుబ్‌షాహీల కాలమున ఈ రేవున ఇరాను వర్తకుల ప్రాబల్యము మెండు. తరువాత మీర్‌జుమ్లాగా ప్రఖ్యాతుడైన ఆర్దిస్తాను వాస్తవ్యుడు మీర్ ముహమ్మద్ సయ్యద్ ఒకప్పుడు ఈ రేవునకు హవల్దారుగా నుండెను. గోలకొండ సీమ ఉక్కు పారశీకుల కత్తులకై పోయినది, మన అద్దకములు వారి అంగరఖాలకై పోయినవి. పారశీక దేశమున గడ్డమునకును తలకును మొదట గోరింటాకును, దానిమీద నీలియాకును పట్టించుట చిరకాలపు వాడుక. గోరింట ఒక్కటే నెరసిన వెండ్రుకను నిప్పువన్నెకు తెచ్చును. నీలి ఒక్కటే పట్టించిన కొంత ఆకుపచ్చ చాయ వచ్చును. ఒకదానిపై నొకటి చేరినప్పుడు ముదురు గోధుమ మొదలు నలుపు వరకు, నీలి నిలిపిన కాలమునుబట్టి, చాయలు లభించును. గోరింటయు నీలియు రెండును మన పెరటి మొక్కలే. మన యిండ్లలో గుంటగలగరాకు రసమును నూనెలో కాచుటయు, ఉసిరికపొడిని ఇనుపమూకుడులో రాత్రి నానబెట్టి తెల్లవారి తలకు పట్టించుటయు ఇప్పటికిని తల్లులు చేయుచున్న పనియే. వరాహమిహిరుని పేరు వినని యిల్లాలును ఆయన సూత్రమునే అనుష్ఠించుచున్నది.

మూడవ మార్గము, అనగా నల్లని తల నుండగనే కోరి నెరపును తెచ్చుకొనుట, ఈ తీరమునకు ఓడలమీద వచ్చినది. 17వ శతాబ్ది తొలినాళ్లలో వలందులును (డచ్చివారును), 1611లో ఇంగ్లీషువారును బందరున వర్తకశాలలు నెలకొల్పిరి. 1750 మొదలు పరాసులు (ఫ్రెంచివారు) పట్టణమునేలిరి. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు కోటను పట్టి ఇంగ్లీషువారి పాలుచేసెను. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేటల పేర్లు ఆ మూడు జాతుల ముద్రలు. ఆ శతాబ్దములలో ఐరోపాయందు గౌరవనీయుడైన పురుషుడు పెట్టుడుజుట్టు లేక సభకు రాడు. పరాసు ప్రభువు 13వ లూయీ బట్టతల కప్పుకొనుటకు మొదలిడిన ఈ వాడుక కొలువులన్నిటికిని ప్రాకి, 18వ శతాబ్ది వచ్చునప్పటికి ఆ జుట్టుమీద గోధుమపిండి గంజిపొడిని చల్లి బూడిదవన్నెకో, తెలుపునకో తెచ్చుకొనుట నాగరకతా లక్షణమైనది. క్లైవు మొదలగువారి చిత్తరువులందు కనబడు ఆ నెరసిన తలలు వయసువలన వచ్చినవి కావు. ఇరువదియేండ్ల సైనికాధికారియు తాతవలె నెరసిన జుట్టుతో నిలువబడుట గొప్పగా తలచిన కాలమది. బందరు వేసవి వడగాలిలో, ఉప్పుతేమలో, ఆ పొడి చెమటతో కలిసినప్పుడు వారనుభవించిన క్లేశమును తలచుకొనిన జాలి కలుగును. అయినను కొలువునకును, ఉత్సవమునకును మర్యాద తప్పదు గదా.

1795లో ఇంగ్లండు ప్రభుత్వము తలకు పొడి చల్లుకొనువారు ఏటికొక గినీ పన్ను చెల్లింపవలెనని శాసించెను. ఆ యేడు అచ్చట ధాన్యపు కొరత గూడ కలిగి, పేదలు రొట్టెకై అలమటించుచుండగా పిండిని తలకు చల్లుకొనుట సిగ్గుచేటని పలువురు మానుకొనిరి. వరిని దైవముగా చూచుకొను ఈ డెల్టావాసులకు ఆ సిగ్గు వెంటనే అర్థమగును. కొద్ది కాలములోనే పొడియు పెట్టుడుజుట్టును న్యాయస్థానములు మొదలగు కొద్ది తావులకే పరిమితమై, నెరపు కోరిక కొంతకాలము అణగియుండెను.

మనవారి పెట్టుడుజుట్టు మరియొక తెరగు. దివిసీమ పొరుగుననే యున్న కూచిపూడిలో సత్యభామ వేషమును పురుషులే ధరించుచుండిరి. తెరమీదుగా జడను వ్రేలాడవేసి, విద్యలో తన్నోడింపగలవారెవ్వరైన నున్న రండని సవాలుచేయుట భామాకలాపపు ప్రసిద్ధ సంప్రదాయము. ఆ జడ సవరములతో అల్లినది, కాటుకవలె నల్లనిది. నటుని సొంత తల నెరసినను జడ నెరయరాదు. పెండ్లికూతురి జడకును ఇదియే నియమము. దానికి కావలసిన జడబిల్లలు, కుప్పెలు చిలకలపూడి గిల్టు నగల పనివారు చేసియిచ్చుచున్నారు. ఒక్క మాట చెప్పక దాటలేను. జుట్టునకు ఇంత మహిమ నిచ్చిన సంఘమే, భర్త పోయిన బ్రాహ్మణ వితంతువులకు, బాలికలకు సైతము, శిరోముండనము విధించెను. తల నెరయుట యెట్లుండునో చూచుకొను భాగ్యమైనను లేక వారు వృద్ధులైరి. ఆ యాచారము మన కాలమునకు అంతరించుట ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె సంతోషకరమైన విషయము.

కృత్రిమ రసాయనములు వచ్చినపిదప కథ వేగముగా మారెను. 1863లో హాఫ్‌మన్ అను రసాయనవేత్త కనుగొనిన పారాఫినైలీన్‌డయమీన్ అను ద్రవ్యము నల్లరంగునకు ఆధారమైనది. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ అను రసాయనవేత్త కృత్రిమ కేశరంజనమును అమ్మసాగెను. 1897లో జర్మనీ కర్మాగారములనుండి కృత్రిమపు నీలి వెలువడగా, మన దేశపు నీలిచేలు కొలదియేండ్లలోనే క్షీణించెను. తలకు రంగువేయు పండ్రెండు గంటల పని అరగంటకు వచ్చినది. అప్పటినుండి మన పట్టణములలో నెరసిన తలకు ఒక్కటే వన్నె, బొగ్గునలుపు, శరణ్యమైనది. డెబ్బదియేండ్ల ముఖముపై ఇరువదియేండ్ల నలుపు కఠినముగా కనబడునని చెప్పుటకు నేను సంకోచింపను.

కావుననే ముదురు బూడిదవన్నెను ఎన్నుకొనువారియెడ నాకు గౌరవము. మన చామనచాయ ముఖములకు అది నప్పును. వెండ్రుక పెరిగి కుదుళ్లలో తెలుపు బయటపడినను గీతగీచినట్లు కనబడక కలిసిపోవును. నెరపు మొదట కణతలయందు వచ్చును గాన, అచ్చట జుట్టును పొట్టిగా కత్తిరించి, పైభాగమును కొంచెము పొడుగుగా విడిచి దువ్వుకొనిన ఆ చాయ నిండుగా తోచును. నల్లని జుట్టుగల యువకులకు మాత్రము ఇది శ్రమతో గూడినది. హైడ్రోజన్ పెరాక్సైడుతో సహజవర్ణమును తీసివేసి, మిగిలిన పసుపు చాయను ఊదా, నీలి ఛాయలతో అణచినగాని బూడిదవన్నె రాదు, వచ్చినను కొన్ని వారములలో వెలిసిపోవును, వెండ్రుకయు పెళుసెక్కును. నెరసిన పెద్దలకు అంత పని లేదు. ఉసిరికపొడిని పలుచగా కలిపి, ఇనుపమూకుడులో తక్కువసేపు ఉంచి, మొదటిసారి ఒక పాయకు మాత్రము పట్టించి చూచుకొనిన చాలును. అంగడి రంగే వాడదలచినవారు మోచేతి మడతలోనో, చెవి వెనుకనో చుక్క పెట్టి నలువదియెనిమిది గంటలు వేచి, దురదగాని వాపుగాని లేనిచో తలకు పట్టించుకొనవలెను. పారాఫినైలీన్‌డయమీన్ పడనివారికి ముఖము వాచి కన్నులు మూసికొనిపోవుట కలదు.