వెలి నుండి పునఃప్రవేశానికి: అనకాపల్లి ప్రాంత బాప్టిస్టు సంఘాలలో విజ్ఞాపన ప్రార్థన

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ చరిత్ర రచనలో బాప్తిస్మాలకు, బడులకు, ఆసుపత్రులకు లభించిన స్థానం ప్రార్థనకు లభించలేదు. పాపంతో పెనుగులాడుతున్న తోటి విశ్వాసి కొరకు సంఘం చేసే విజ్ఞాపన, సంఘ క్రమశిక్షణతో ఎట్లు ముడివడి ఉన్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నేపథ్యం

విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ 1805లోనే పని ఆరంభించింది. 1874లో కాకినాడ కేంద్రంగా మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ క్రమంగా ఉత్తరానికి విస్తరించింది. నేటి అనకాపల్లి జిల్లాలోని యలమంచిలి దాని కేంద్రాలలో ఒకటి.

క్రమశిక్షణ, ప్రార్థన

బాప్టిస్టు సిద్ధాంతం ప్రకారం సంఘమంటే తెలిసి బాప్తిస్మం పొందినవారి సమాజం. కనుక ఒకరి పతనం అందరి బాధ్యత. మత్తయి సువార్త 18వ అధ్యాయం తప్పిదస్థుని మొదట ఏకాంతంగా, తరువాత సాక్షులతో, చివరకు సంఘం ఎదుట మందలించే క్రమాన్ని చెప్పింది. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయం సాత్వికంతో సరిదిద్దుమన్నది. యాకోబు పత్రిక 5వ అధ్యాయం పరస్పరం ఒప్పుకొని ప్రార్థించుకొనుమన్నది. మొదటిది వెలికి దారితీయగలదు. మిగిలిన రెండూ పునఃప్రవేశాన్ని కోరుతాయి.

అయితే ‘పాపం’ అన్న మాట గ్రామ జీవితంలో అంత సరళమైనది కాదు. గ్రామదేవతల జాతరలో డప్పు వాయించడం మాదిగ కుటుంబాలకు కులవృత్తి, జీవనాధారం. విశ్వాసం పేర దానిని మానితే ఊరి ఆగ్రహం, మానకుంటే సంఘం మందలింపు. ఇట్టివాని కొరకు చేసే ప్రార్థన అతని ఆకలిని కూడ తెలిసికొనవలసి ఉంటుంది. లేనిచో అది తీర్పుగా మిగులుతుంది.

1906 ఉజ్జీవం

1904లో వేల్సులోను, 1905లో ఖాసీ కొండలలోను, పండిత రమాబాయి ముక్తి మిషన్‌లోను రగిలిన ఉజ్జీవం 1906లో తెలుగు బాప్టిస్టు సంఘాలను తాకింది. బహిరంగ పాపపుటొప్పుకోలు, సామూహిక ప్రార్థన దాని ముఖ్య లక్షణాలు. పాపిని గూర్చి ఇతరులు మాట్లాడే స్థితి నుండి, అందరూ తామే పాపులమని పలికే స్థితికి సంఘం చేరింది. ఒప్పుకోలు అవమానంగా మారే ప్రమాదమూ ఇందులోనే ఉన్నది.

ముగింపు

బాప్టిస్టు వార్షిక గణాంకాలలో బహిష్కృతుల పక్కనే తిరిగి చేర్చుకొనబడినవారికి ఒక గడి ఉండేది. బహిష్కారానికి తీర్మానం చాలు. తిరిగి రావడానికి ఎవరో ఒకరు ఆ మనిషిని విడువక ఉండాలి. ఆ గడిలోని అంకె వెనుక జరిగిన ప్రార్థనను గణాంకం చెప్పదు. మౌఖిక చరిత్ర, సంఘాల తెలుగు మినిట్సు పుస్తకాల ఆధారంగా దానిని వెలికితీయడం పరిశోధకుల కర్తవ్యం.