స్తంభ పురాణం

హిరణ్యకశిపుడు కొట్టిన స్తంభం రాతిదా, చెక్కదా అని మనమెవరమూ అడగం. అందులోంచి నరసింహుడు వచ్చాడు, అంతే చాలు. మన వీధి చివర కరెంటు స్తంభం సంగతీ అంతే. దీపం వెలుగుతున్నంత కాలం దాని వంక చూసేవాడుండడు. గాలివానకు పడిపోయిన రాత్రే అదొకటి వుండేదని గుర్తొస్తుంది.

ఆ మాటకొస్తే స్తంభం పుట్టుకే గత్యంతరం లేని పుట్టుక. 1843లో అమెరికాలో మోర్సుగారు వాషింగ్టన్ నుంచి బాల్టిమోరుకు తంతి వెయ్యబోయినప్పుడు స్తంభాల వూసే లేదు. తీగను సీసపు గొట్టంలో పెట్టి భూమిలో పూడుద్దామనుకున్నారు. కొన్ని మైళ్లు పూడ్చారు కూడా. తీరా చూస్తే తొడుగు నాసిరకమై విద్యుత్తు భూమిలోకి జారిపోతోంది. ప్రభుత్వం ఇచ్చిన 30,000 డాలర్లలో చాలా భాగం అప్పటికే ఖర్చయిపోయింది. ఇక చేసేదేం లేక కొయ్య స్తంభాలు పాతి, తీగకూ కొయ్యకూ మధ్య గాజు అడ్డం పెట్టి కట్టారు. 1844 మే 24న వార్త ఆ తీగల మీదే పరుగెత్తింది. ఆ గాజుముక్కను కాస్త గుర్తుంచుకోండి. దానితో మనకు పనుంది.

కొయ్య చవక, తేలిక. కానీ భూమిలో పాతిన మొదలు తడికి పుచ్చిపోతుంది. మిగిలింది చెదలు చూసుకుంటాయి. 1838లో ఇంగ్లండులో జాన్ బెతెల్ అనే ఆయన తారు నుంచి తీసిన క్రియోసోటు నూనెను కొయ్యలోకి వొత్తిడితో ఎక్కించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో కొయ్యకు ఆయువు పెరిగింది.

మన దేశంలో ఈ కథ మొదలుపెట్టింది ఓషాగ్నెసీ అనే డాక్టరుగారు. కలకత్తా వైద్య కళాశాలలో పాఠాలు చెబుతూనే 1839లో వెదురు బొంగుల మీద తీగ కట్టి తంతి ప్రయోగం చేశాడు. 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరు దాకా తంతి నడిపించాడు. ఆ తర్వాత మన చెదలకు జడిసి ఇనుప స్తంభాలు విరివిగా వాడారు.

మా చిన్నప్పుడు రైలు కట్ట పక్కన అలాంటి ఇనుప స్తంభానికి చెవి ఆనించి 'టెలిగ్రాం పోతోందిరా!' అని కేకలేసేవాళ్లం. లోపల 'గుయ్' మని ఒకటే మోత. అది టెలిగ్రామూ కాదు, పాడూ కాదు, గాలికి తీగ వణికే చప్పుడని తర్వాతెప్పుడో తెలిసింది. ఇంకొందరు వీరులు పైనున్న పింగాణీ గిన్నెల మీద ఉండేలు గురి చూసుకునేవారు.

ఇనుముకు చెదపట్టదు, తుప్పు పడుతుంది. అంతకన్నా పెద్ద దోషం, కరెంటు తీగలు మోసే రోజులొచ్చాక బయటపడింది. పైన గిన్నె పగిలి తీగ తగిలిందా, స్తంభమంతా కరెంటే. వానాకాలంలో దానికి కట్టిన గేదె పోయిందనో, ఆడుకుంటూ పట్టుకున్న పిల్లాడు పోయాడనో వినని వూరుందా?

తర్వాత సిమెంటు వచ్చింది. ఫ్రాన్సులో ఫ్రెసినే అనే ఇంజనీరు, లోపలి ఉక్కు తీగలను ముందే బిగలాగి చుట్టూ కాంక్రీటు పోసే పద్ధతికి 1928లో పేటెంటు తీసుకున్నాడు. ఆ పద్ధతిలో ఆయన మొదట తయారుచేయించిన సరుకేమిటనుకున్నారు? కరెంటు స్తంభాలే! ఆ ఫ్యాక్టరీ దివాలా తీసింది గాని, పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన చేలగట్ల మీద కనిపించే సిమెంటు స్తంభాలకు అదే మూలం. వీటికి చెద లేదు, పుచ్చు లేదు. అయితే సముద్రపుటొడ్డున ఉప్పుగాలి మెల్లగా లోపలి ఉక్కును చేరుతుంది. ఉక్కు తుప్పుపట్టి వుబ్బి సిమెంటును పగలగొడుతుంది. ఇక బరువంటారా, వందల కిలోల మాట.

ఆ బరువు మామూలు రోజుల్లో తెలీదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు తెలిసింది. స్తంభాలు వరసగా కూలాయి, జనం రోజుల తరబడి చీకట్లో గడిపారు. వాన వెలిసిన బురద చేలోకి క్రేను దిగదు. మోకులు కట్టుకుని, 'హైలెస్సా' అనుకుంటూ మనుషులే మొయ్యాలి.

ఇప్పుడు మన గాజుముక్క దగ్గరకొద్దాం. 1932లో అమెరికాలో ఓ గాజు కంపెనీ పరిశోధకుడు కరిగిన గాజును అతికించబోతుంటే, గాలి వూదే గొట్టం జోరుకు అది సన్నటి దారాలై ఎగిరింది. అనుకోకుండా దొరికిన ఆ దారమే ఫైబర్‌గ్లాసుకు దారి తీసింది. నేతగాడు కండె చుట్టినట్టు ఆ దారాలను రెజిన్ అనే జిగురులో తడిపి అచ్చు మీద చుడితే, గట్టిపడ్డాక స్తంభమవుతుంది. 1960ల నుంచే హవాయి దీవుల్లో ఇలాంటివి నిలబెట్టారు. దీన్ని చెద తినదు, దీనికి తుప్పు పట్టదు, ఉప్పుగాలి జంకు లేదు. కొయ్య కన్నా తేలిక. ఒకప్పుడు తీగ కింద గాజుముక్క మాత్రమే కరెంటును ఆపేది. ఇప్పుడు స్తంభమంతా ఆపుతుంది.

అలాగని చేత్తో పట్టుకుని చూడమనడం లేదు. తడిసి మురికిపట్టిన పైపొర మీద కరెంటు పాకనూగలదు. లోపాలు దీనికీ వున్నాయి. ఎండకు పైపూత అరిగితే లోపలి దారాలు పైకి తేలతాయి. కార్చిచ్చులో కాలుతుంది. పాతబడితే ఇనుములా కరిగించి మళ్లీ పొయ్యడానికి లేదు. అన్నిటికీ మించి ఖరీదు. అందుకే మన వూళ్లలో ఇంకా ఎక్కువ కనిపించేవి సిమెంటువే.

కానీ ఖరీదు లెక్కవేసేవాళ్లు కొన్ననాటి ధర ఒక్కటే చూస్తారు. కూలిన మర్నాటి ధర ఎవరు వెయ్యాలి? ఆసుపత్రిలో ఆగిన ఫ్యానూ, నీళ్లందక ఎండిన కుళాయీ, బురదలో మోకాళ్లు దిగబడగా స్తంభం మోసిన లైన్‌మన్ భుజమూ ఆ లెక్కలోకి రావద్దూ? వూరంతా కాకపోయినా, ఏటా తుపాను తగిలే తీరం వెంబడైనా ఆ లెక్క వేసి చూడాలి.

స్తంభంలోంచి దేవుడు రానక్కర్లేదు. గాలివాన వెలిసిన మర్నాడు దీపం వస్తే చాలు.