ఎర్రనీరు వచ్చే వేళ: పల్నాటి కృష్ణలో చేపల వేట కాలం

అమెరికా, కెనడాల పడమటి కొసన కొలంబియా, ఫ్రేజర్ నదుల మీద చేపల వేట నేర్పి పట్టించే గైడ్లున్నారు. డబ్బు కట్టినవారిని పడవెక్కించుకుని, ఏ నెలలో ఏ మలుపు దగ్గర సాల్మన్ గాలానికి పడుతుందో, ఏ మడుగు అడుగున స్టర్జన్ ఎర అందుకుంటుందో చూపిస్తారు. వాళ్లు అమ్మే సరుకు నిజానికి కాలజ్ఞానం. అక్కడ చినూక్ సాల్మన్‌ను అది నదిలోకి వచ్చే ఋతువు పేరుతోనే పిలుస్తారు: వసంతపు చేప, వేసవి చేప, శరత్తు చేప. పల్నాటిలో ఆ రెండు చేపలూ లేవు, ఆ గైడ్లూ లేరు. కానీ విజయపురి సౌత్ నుంచి సత్రశాల, పొందుగల, పులిచింతల మీదుగా అమరావతి దాకా కృష్ణ ఒడ్డున బతికే బెస్తవారికి అదే ప్రశ్న తరతరాలుగా ఉంది. ఏది వేటకు మంచి కాలం? దానికి జవాబు మొదట కార్తెలు చెప్పేవి. తర్వాత ఆనకట్ట చెప్పింది. ఇప్పుడు ప్రాజెక్టు గేట్లు చెబుతున్నాయి. సర్కారు వేట నిషేధం మాత్రం క్యాలెండరు తేదీలనే పట్టుకుని కూర్చుంది. దాన్ని తేదీల నుంచి విప్పి నీటికి కట్టాలన్నది ఈ వ్యాసంలోని వాదన.

కార్తెల లెక్కలో చేపకు పెద్ద పీటే ఉంది. రోహిణి ఎండలకు నది సన్నబడి, చేప మడుగుల్లో గుమిగూడుతుంది. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర వస్తుంది, ఆ రోజు చేప తినాలని తెలుగునాట ఆనవాయితీ. ఒంట్లో వేడి నిలుస్తుందనీ, ఉబ్బసం దరిచేరదనీ పెద్దలు చెప్పే కారణాల సంగతి ఎలా ఉన్నా, ఆ ఆచారం వెనక ఒక సౌలభ్యం ఉంది: అప్పటికి నీళ్లు తక్కువ, చేప దొరకడం తేలిక. ఆరుద్ర, పునర్వసుల నాటికి పడమటి కనుమల వాన కొత్తనీరై, ఎర్రనీరై దిగుతుంది. ఆ నీటి వాసనకు బొచ్చె, మోసు, వాలుగ ఏటికి ఎదురెక్కుతాయి. అవి గుడ్డుతో నిండి, వేటగాడి అలికిడి కూడా పట్టించుకోకుండా, గట్టు వారగా, వాగుల మూతుల్లోకి ఎగబాకే రోజులవి. వల వేసేవాడికి ఇంతకంటే మంచి అదను లేదు. చేప జాతికి ఇంతకంటే చెడ్డ అదనూ లేదు. గోదావరి మీద పులస కథా అంతే, కొలంబియా మీద సాల్మన్ కథా అంతే. వేటకు అతి మంచి కాలమే సంతానానికి అతి ముఖ్యమైన కాలం కావడం ఈ వృత్తిలోని మూలపు చిక్కు.

ఈ చిక్కును మనవాళ్లు ఎన్నడూ గుర్తించలేదనడం పొరపాటు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు తన అయిదవ స్తంభశాసనంలో మూడు చాతుర్మాస్య పౌర్ణములకూ, తిష్య నక్షత్రపు పౌర్ణమికీ, ఉపవాస దినాలకూ చేపను చంపకూడదని, అమ్మకూడదని ఆజ్ఞ వేశాడు. దాని వెనక ఉన్నది జీవకారుణ్యమే, జీవశాస్త్రం కాదు. అయినా ఆషాఢ పౌర్ణమి ఆ జాబితాలో ఉండటం వల్ల ఎదురెక్కే చేపకు ఒకటి రెండు రోజుల ఊపిరైనా దొరికి ఉంటుంది. ఆ తర్వాత పదమూడు వందల ఏళ్లకు, కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే ఉంది. పల్నాటి యుద్ధానికి అర్ధశతాబ్దం ముందటి మాట ఇది. ఏ చేప ఏ మేత మరుగుతుంది, దాన్ని ఒకచోటికి ఎలా అలవాటు చెయ్యాలి, గాలపుతాడు ఎలా ఉండాలి, కొక్కేనికి పడ్డాక ఎలా అలసిపోనివ్వాలి అన్నవి అందులో ఉన్నాయి. జీవశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దీని మీద వ్యాసం రాసి నేటి శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చాడు. గాలం వేట మనకు తెల్లదొరలు నేర్పిన వేడుక అనుకునేవారు ఆ ప్రకరణం ఉందన్న సంగతైనా తెలుసుకోవాలి. రాజుకు అది వినోదం, బెస్తవాడికి అది కూడు. ఆ తేడా ఈనాటికీ తీరలేదు.

కాలాన్ని మొదట చెడగొట్టింది ఆనకట్ట. 1852-55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డుకట్ట లేచింది. డెల్టాకు అన్నం పెట్టిన ఆ రాతికట్టే, సముద్రం నుంచి అమరావతి వైపు అడ్డులేకుండా ఉన్న నీటిదారిని మూసింది. ఉప్పునీటి నుంచి తీపినీటికి గుడ్డు పెట్టడానికి ఎక్కే ఇలస వంటి చేపకు పల్నాటి ఒడ్డు ఆనాటితో దూరమైపోయింది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి మత్స్యశాస్త్రం వైపు మళ్లిన ఫ్రాన్సిస్ డే 1873లో ఇచ్చిన నివేదికలో ఆనకట్టలు వలసచేపలకు చేస్తున్న నష్టం గురించి గట్టిగా రాశాడు. నదీజలాల మీద శిస్తు లెక్కలు వేసుకునే ప్రభుత్వం తొందరపడలేదు. 1897లో గాని ఇండియన్ ఫిషరీస్ చట్టం రాలేదు. ఆ చట్టం మందుగుండు పెట్టి, విషం కలిపి చేపలు చంపడాన్ని నేరం చేసింది. వల కన్ను సైజు మీద నిబంధనలు పెట్టే అధికారం, ఎంచుకున్న నీటిలో రెండేళ్లకు మించకుండా వేట మొత్తాన్ని ఆపే అధికారం స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. చోటును మూసే ఆలోచన అందులో ఉంది. చేప ఎదురెక్కే ఘడియను కాపాడే ఆలోచన మాత్రం పలచగానే ఉంది. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో మద్రాసులో ఏర్పడిన మత్స్యశాఖ దృష్టి కూడా ఎక్కువగా సముద్రం మీదే నిలిచింది.

తర్వాతి మార్పు ముందుదానికంటే వెయ్యిరెట్లు పెద్దది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. మాచర్ల పక్కన కొండల మధ్య పారిన ఏరు 590 అడుగుల మట్టానికి నిండే జలాశయమైంది. ఎగువన 1980లలో శ్రీశైలం, ఇంకా పైన జూరాల, ఆలమట్టి వచ్చాయి. దిగువన సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్, 2013లో పులిచింతల. ఒకప్పుడు ఒకే పారుదలగా ఉన్న పల్నాటి కృష్ణ ఇప్పుడు మెట్లు మెట్లుగా పేర్చిన చెరువుల వరస. పడమటి కనుమల్లో జూన్‌లో వాన పడితే ఆ నీరు ముందు ఆలమట్టి నింపాలి, నారాయణపూర్ నింపాలి, జూరాల దాటాలి, శ్రీశైలం నింపాలి. సాగర్ గేట్లు లేచేది చాలా ఏళ్లలో ఆగస్టులో. 2009లో మహావరద అక్టోబరు మొదటి వారంలో వచ్చింది. 2023లో గేట్లు ఎత్తే అవసరమే రాలేదు. సాగర్ కింద బతికే చేపకు ఆరుద్ర ఎప్పుడు వచ్చిందో చెప్పేది ఇప్పుడు ఆకాశం కాదు, కంట్రోల్ రూము. ఇక వాగుల లెక్క వేరు. చంద్రవంక, నాగులేరు స్థానిక వానలకే పారతాయి, వాటి మూతుల్లోకి చేప ఎక్కే రోజులు కృష్ణ వరదతో కలవొచ్చు, కలవకపోనూవచ్చు. చంద్రవంకలోనైతే ప్రకృతే ఒక ఆనకట్ట కట్టింది: డెబ్బై అడుగుల ఎత్తిపోతల. దాన్ని ఏ చేపా ఎక్కలేదు, ఏ ఇంజనీరునూ తిట్టే పనిలేదు.

ఇక్కడే ప్రధానమైన అభ్యంతరం వినిపిస్తుంది. ఎదురెక్కే చేప గురించి ఇంత బెంగ ఎందుకు, ఏటా మత్స్యశాఖ లక్షల సంఖ్యలో చేపపిల్లల్ని జలాశయాల్లో వదులుతోంది కదా, గుడ్డు పెట్టే పని హేచరీ చేస్తుంటే నదిలో విరామం ఎవరికోసం అని. ఈ వాదనకు బలం ఉంది, దాని పుట్టుక కూడా ఆసక్తికరం. వోల్గా నది మీద ఆనకట్టలు స్టర్జన్ దారి మూయబోతున్న 1930ల్లో సోవియట్ శాస్త్రజ్ఞుడు గెర్బిల్‌స్కీ, చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రసాన్ని మరో చేపకు ఎక్కించి గుడ్లు విడిపించే పద్ధతిని ఆ జాతి మీద నిలబెట్టాడు. అటువంటి పద్ధతినే మన కార్ప్ చేపల మీద హీరాలాల్ చౌధురి, అళికుంహి ఒడిశాలో 1957 జూలై 10న గెలిపించారు. ఆ రోజునే ఇప్పటికీ జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుతున్నాం. బెజవాడలో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ సిద్ధమైనదీ ఆ 1957లోనే. ఒక చేత్తో నదిని మూసి, ఇంకో చేత్తో సూదిమందు కనిపెట్టాం. కొల్లేరు చెరువుల రైతుకు అది వరమైంది. నదికి మాత్రం సగం మందే. హేచరీలో పుట్టేవి అమ్ముడుపోయే నాలుగైదు రకాలు. వాలుగ, జెల్ల వంటివాటి సంగతి నదే చూసుకోవాలి. పైగా వదిలిన పిల్ల వేలెడంత కూడా కాకముందే అలివి వలలో ఊడ్చుకుపోతే ఎన్ని లక్షలు పోసినా లాభమేమిటి? కన్ను సన్నని అలివి వల మీద సాగర్, శ్రీశైలం ఒడ్డున మత్స్యకారులే ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చేసుకుంటున్నారంటే, ఆ నష్టం ఎవరికి తెలియాలో వారికి తెలుసు.

కొలంబియా అనుభవం కూడా అదే చెబుతుంది. 1938లో పూర్తయిన బోన్‌విల్ ఆనకట్టకు చేపలు ఎక్కే మెట్లు కట్టారు, సాల్మన్ ఎక్కింది. అడుగున పాకే బరువైన స్టర్జన్‌కు ఆ మెట్లు పెద్దగా పనికిరాలేదు. దాంతో ఆనకట్ట కింద అది గుడ్లు పెట్టే చోట, ఆ నెలల్లో గాలం వెయ్యకూడదని గిరి గీశారు. గైడ్లకు నష్టమే. కానీ పెద్ద స్టర్జన్ నూరేళ్లు కూడా బతికే జీవి, ఆడది గుడ్డుకు రావడానికే రెండు దశాబ్దాలు పడుతుంది. అటువంటిదాన్ని ఒక సీజను ఆదాయం కోసం పోగొట్టుకుంటే వచ్చే తరం గైడుకు పనే ఉండదు. మన వాలుగకు అంత ఆయుష్షు లేకపోవచ్చు. అయినా, ఎక్కలేని గోడ కింద గుమిగూడిన చేపను ఆ సమయంలో వదిలేయాలన్న నియమానికి సాగర్ దిగువన, పులిచింతల దిగువన కూడా అంతే న్యాయం ఉంది.

రెండో అభ్యంతరం కడుపుది, అది ఇంకా బరువైనది. మన రాష్ట్రంలో సముద్రం మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపుతారు. ఆ కాలానికి ఇచ్చే భృతిని 2025లో రూ.20,000 చేశారు. జలాశయాల్లో వేట సాధారణంగా జూలై, ఆగస్టు నెలల్లో ఆగుతుంది. నది మీద బతికేవారికి ఆ స్థాయి సాయం లేదు. ఉత్తర కోస్తా నుంచి వలసవచ్చి సాగర్ ఒడ్డున గుడిసెలు వేసుకున్న కుటుంబాలున్నాయి, పుట్టి మీద తిరిగే స్థానికులున్నారు. రెండు నెలలు వల ఎండగట్టమని చెప్పి ఖాళీ చేతులతో పంపితే, వాళ్లు రాత్రిపూట వల వేస్తే తప్పెవరిది? నిషేధాన్ని సమర్థించేవారు భృతిని కూడా సమర్థించాలి. లేకపోతే ఆ సమర్థన పొడి కబురే. ఇంకో సంగతీ ఉంది. పులిచింతల దాకా ఎడమ గట్టు తెలంగాణది. ఒక గట్టు మీద వల మడిచి, ఎదుటి గట్టు మీద వల పరిస్తే చేపకు గట్ల తేడా తెలియదు.

తేదీ ఉంటే అమలుకు తేలిక, వరద వెంట తిరిగే నిషేధం గందరగోళమని అధికారులు అనవచ్చు. సముద్రం విషయంలో ఆ మాట నిజం, ఎందుకంటే సముద్రానికి గేట్లు లేవు. కృష్ణకు ఉన్నాయి. ఏ ప్రాజెక్టులో ఎన్ని టీఎంసీలు, ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఎన్ని పోతున్నాయి అన్న లెక్క రోజూ పత్రికల్లో పడుతోంది. వరద సెప్టెంబరులో వచ్చే ఏడు జూలై, ఆగస్టుల్లో వల ఎండి, గుడ్డు చేప ఎదురెక్కే వేళకు నిషేధం తీరిపోతుంది. చేపకూ దక్కదు, బెస్తవాడికీ దక్కదు. నికరంగా కావలసినది ఎంత? సాగర్‌లోకి తొలి వరద మొదలైన నాటి నుంచి కొన్ని వారాలు, వాగుల మూతుల దగ్గర వాన పడ్డ ప్రతిసారీ కొన్ని రోజులు. మిగతా ఏడాది వేట వేటగాడిదే. వరద తగ్గి నీరు తేరుకునే కార్తీకం నుంచి మాఘం దాకా గాలానికి మంచి కాలం. నీరు తగ్గే వేసవి వలకు మంచి కాలం, ఆ రోజుల్లో దిగుబడి సహజంగానే పెరుగుతుంది. కావేరి మీద భీమేశ్వరిలో బిళిమీను (మహసీర్) కోసం విదేశీయులు వచ్చినట్టు ఇక్కడా గాలం యాత్రలు పెట్టవచ్చుగా అనేవారికి ఒక్క మాట. అక్కడి గాలం వేటే అభయారణ్య నిబంధనలతో ఆగిపోయింది. సాగర్‌కు ఎగువన ఉన్నది పులుల అభయారణ్యం. దిగువన పులిచింతల దాకా ఉన్న నీటిలో, స్థానిక బెస్తవారే దారి చూపించేవారుగా, పట్టి వదిలే పద్ధతిలో చేస్తే అభ్యంతరం ఉండకూడదు. ఆ కూలి వారికే చేరాలి.

వరదను బట్టి పెట్టే ఈ వేట విరామానికి కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. గేట్లు ఎత్తే ముందు లంకలకూ, దిగువ ఊళ్లకూ ఇప్పటికే హెచ్చరిక వెళుతోంది: ఎవరూ ఏట్లోకి దిగొద్దు, పుట్టీలు ఒడ్డుకు చేర్చుకోండి అని. అది మనుషుల ప్రాణాల కోసం వేసే దండోరా. మాచర్ల, గురజాల, దాచేపల్లి, అచ్చంపేట మండలాల్లో మత్స్యశాఖ ఆ దండోరాలోనే ఇంకో వాక్యం చేర్చాలి, అదే రోజున భృతి జాబితా కూడా పంచాయతీ గోడకు అంటించాలి.