బడి గుమ్మం దగ్గర ఏ కాగితం?

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని, చదివేవాళ్ళెందరు అని కలెక్టర్లను లెక్క అడిగాడు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న జవాబు పంపాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభా 9 లక్షల పైచిలుకు.

పిల్లవాణ్ణి బడిలో వేసే తంతు కూడా ఆయన రాశాడు. అయిదో ఏట పంతులునీ బడిపిల్లల్నీ ఇంటికి పిలుస్తారు. వినాయకుడి బొమ్మ చుట్టూ కూర్చుంటారు. పంతులు పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో రాయిస్తాడు. తల్లిదండ్రులు తాహతుకొద్దీ ఏదో ఇచ్చి పంపుతారు. మర్నాటి నుంచి చదువు. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. అలాగని అందరికీ తలుపు తెరిచి ఉందనుకోకండి. ఏ కులాల పిల్లలు లోపలికి రారో అందరికీ ముందే తెలుసు కాబట్టి పరీక్ష అవసరం పడలేదు.

ఆ నివేదికలో నన్ను ఆపేసింది తంతు కాదు. ఇదివరకు పిల్లల్ని చదివించినవాళ్ళు ఇప్పుడెందుకు మాన్పిస్తున్నారన్న ప్రశ్నకు క్యాంప్‌బెల్ చెప్పిన కారణం. యూరపు బట్టలు వచ్చిపడి ఇక్కడి నేతపనివాళ్ళ సంపాదన పడిపోయిందనీ, జీతం కట్టలేక పిల్లల్ని ఆపేస్తున్నారనీ రాశాడు. కంపెనీ కొలువులో ఉన్నవాడే అంత నిజం ఒప్పుకున్నాడు. అక్షరాభ్యాసం ఆ పిల్లలకూ జరిగే ఉంటుంది, మంచి ముహూర్తంలోనే జరిగి ఉంటుంది. మాంచెస్టరు బట్ట ముందు ఆ ముహూర్తం ఏం చెయ్యగలిగింది?

సూరత్‌లోని డిండోలిలో కూర్చుని ఇది చదివితే ఒక రకంగా ఉంటుంది. ఇక్కడా, పక్కనున్న లింబాయత్‌లోనూ కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన మనవాళ్ళు వేలల్లో ఉన్నారు, ఎక్కువమంది పద్మశాలీలు. మరమగ్గాల చప్పుడు పడని సందు ఉండదు. కార్పొరేషను బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మీడియం కూడా ఉంది. అయినా చేతిలో నాలుగు డబ్బులాడుతున్న తండ్రి చూపు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి మీదే. అది తప్పని నేననను. ఆ ప్రయత్నంలో ఏ కాగితాన్ని నమ్ముతున్నారన్నదే నా బాధ.

కాగితానికీ ఒక చరిత్ర ఉంది. డిండోలికి ఎంతో దూరం లేని పలసానా, కామ్రేజ్ ఒకప్పుడు బరోడా సంస్థానంలోని నవసారి ప్రాంతానివి. శాయాజీరావు గాయక్వాడ్ 1893లో అమ్రేలీలో నిర్బంధ ఉచిత విద్య మొదలుపెట్టి, 1906లో సంస్థానమంతటికీ విస్తరించాడు. మగపిల్లలకు 7 నుంచి 12 ఏళ్ళు, ఆడపిల్లలకు 7 నుంచి 10. బ్రిటిష్ పాలనలోని సూరత్‌కు అది లేదు. గోఖలే అలాంటి బిల్లునే 1911లో ఇంపీరియల్ శాసనమండలి ముందు పెడితే 1912లో ఓడించారు. ఏడేళ్ళ పిల్లవాడు బడికి రావాలని చట్టం చెప్పాలంటే, వాడికి ఏడేళ్ళని తెలియాలిగా? జాతకచక్రం ఇంటి పెట్టెలో ఉంటుంది, అదీ ఉన్నవాళ్ళకి. సర్కారుకు తన లెక్క కావాలి.

మన ఊళ్ళలో ఆ లెక్క చాలాకాలం హెడ్మాస్టరు కలం చేసింది. "వానాకాలంలో పుట్టాడండీ, ఆ ఏడు పెద్ద గాలివాన వచ్చింది" అని తల్లి చెబితే, ఆయన వేళ్ళ మీద లెక్కేసి జులై 1 అని రాసేవాడు. రక్షణ శాఖ అకౌంట్సులో పనిచేసిన రోజుల్లో సర్వీసు బుక్కుల మొదటి పేజీలు చూసీ చూసీ, దేశంలో సగంమంది జులై 1నే పుట్టారేమోనని నవ్వుకునేవాళ్ళం. నవ్వుకే పరిమితం కాలేదది. ఒకటో తేదీన పుట్టినవాడు, నిబంధన ప్రకారం, అంతకుముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతాడు. అంటే జూన్ 30. ఆరో వేతన సంఘం వచ్చాక, 2006 నుంచి ఇంక్రిమెంటు తేదీ అందరికీ జులై 1 అయింది. ఏడాదంతా పనిచేసి ఒక్కరోజు తేడాతో ఇంక్రిమెంటు పోగొట్టుకున్నవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు ఇచ్చింది. పుట్టినతేదీ మార్పించుకోవాలంటే ఉద్యోగంలో చేరిన అయిదేళ్ళలోపే అడగాలన్న నిబంధన వేరే ఉంది. బడిలో చేర్చిన రోజు పంతులు గీసిన గీత అరవయ్యో ఏటి పెన్షను దాకా వెంటవచ్చిందన్నమాట. శని ఏలినా ఏడున్నరేళ్ళే కదా!

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ ఏడు అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి ప్రవేశంలో పుట్టినతేదీకి రుజువు జనన ధ్రువపత్రమే. గుజరాత్‌లో 2023-24 నుంచి ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండాలి. జూన్ 2న పుట్టిన పిల్ల ఏడాది ఆగాలి. మంచి నక్షత్రం కోసం సిజేరియన్ రెండు రోజులు జరిపించుకునేవాళ్ళు ఈ ముక్క కూడా పంచాంగంలో రాసుకోవాలి.

మా వీధిలో ఒక మగ్గం కార్మికుడి సంగతి చెబుతాను. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేదపిల్లలకిచ్చే 25 శాతం సీట్లకు కొడుకు పేరున దరఖాస్తు పెట్టాడు. పెట్టేముందు సంఖ్యాశాస్త్రం చెప్పే ఒకాయన, పేరులో ఇంగ్లీషు 'ఏ' ఒకటి ఎక్కువ వేస్తే చదువు బాగా వస్తుందన్నాడు, పదకొండు వందలు పుచ్చుకున్నాడు. దరఖాస్తులో కొత్త పేరు, ధ్రువపత్రంలో పాత పేరు. తిరస్కరించారు. సరిచేసుకునేలోగా గడువు దాటింది. తల్లి పుస్తెలు తాకట్టు పెట్టి వేరే బడిలో ఫీజు కట్టారు. జ్యోతిష్కుణ్ణి అడిగితే, ఆ అక్షరం వల్లే వేరే బడిలోనైనా సీటొచ్చిందన్నాడట! ఓడిపోవడం ఎరగని శాస్త్రం అది.

అలాంటి జోస్యమే కొన్ని బడుల ఆఫీసు గదుల్లోనూ జరుగుతోంది. మూడేళ్ళ పిల్లని కూర్చోబెట్టి రంగులు చెప్పమంటారు. ఆ పదినిమిషాల్లో బిడ్డ భవిష్యత్తు తెలిసిపోతుందనడానికీ, హస్తరేఖలకీ తేడా నాకు కనబడలేదు. నిజానికి వాళ్ళు చూసేది తండ్రి జేబునీ, తల్లి ఇంగ్లీషునీ. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షను ఇలా పిల్లల్నో తల్లిదండ్రుల్నో వడపోయడాన్ని నిషేధించింది. మొదటిసారికి 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారికీ 50,000 దాకా జరిమానా. డొనేషను తీసుకుంటే పదిరెట్ల దాకా. కాకపోతే చట్టం చెప్పేది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల గురించి. ఆ 25 శాతం సీట్లు పోగా మిగిలిన నర్సరీ ప్రవేశాలకు అది వర్తించదని 2013లో ఢిల్లీ హైకోర్టు అంది. ఇంటర్వ్యూలు దాక్కునే సందు అదే.

ఫీజుల మాట తల్లిదండ్రులు అడగరు. గుజరాత్‌లో 2017 చట్టం ప్రాథమిక తరగతులకు 15,000, సెకండరీకి 25,000, హయ్యర్ సెకండరీకి 27,000 రూపాయలని గీత గీసింది. అంతకు మించి తీసుకునే బడి ఫీజు నియంత్రణ కమిటీ దగ్గర లెక్కలు చూపి అనుమతి తెచ్చుకోవాలి. సూరత్‌కు విడిగా కమిటీ ఉంది. ఆ ఉత్తర్వు చూపించమని అడిగితే గుమాస్తా మొహం చూడాలి! 25 శాతం సీట్లకు ఆదాయ పరిమితిని కూడా 2025లో 6 లక్షలకు పెంచారు. అది తెలియక దరఖాస్తే పెట్టనివాళ్ళు మా సందులో ఇద్దరు కనిపించారు.

పై వాటాలోని అమ్మాయి వసంత పంచమికి బాసర వెళ్ళి పాపకు అక్షరాభ్యాసం చేయించుకొచ్చింది. వెళ్ళొద్దని నేననలేదు. "బాబాయ్, ఫారం నింపిపెట్టు" అని మొన్న వస్తే, ముందు జనన ధ్రువపత్రం తెమ్మన్నాను. గుజరాతీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి అక్షరం అక్షరం ఆధార్‌తో పోల్చి చూశాం. ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది. సోమవారం జోన్ ఆఫీసుకు వెళ్తున్నారు.